ఖబరస్తాన్ చందాకూ తక్‌పట్టీ ఉండాలి

ఆర్మూర్ ప్రాంతపు రైతు నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్మితే, తూకం, ధర, కోతలు రాసిన తక్‌పట్టీ చేతికి రానిదే ఇంటి ముఖం పట్టడు. అందుకు వ్యాపారి నొచ్చుకోడు. అది వ్యవహార ధర్మం. కాని ఖబరస్తాన్ ప్రహరీకో, దర్గా మరమ్మతుకో ఇచ్చిన చందాకు లెక్క అడగాలంటే మనం జంకుతాం. ఆ మౌనంలోనే గుసగుసలు పుడతాయి. నిజాయితీగా పనిచేసే బాధ్యుడు సైతం అనుమానానికి గురవుతాడు. చివరకు చందాలు తగ్గి, నిరుపేద జనాజాకు కఫన్ ఖర్చు కూడా కరువవుతుంది.

లెక్క అడగడం అమర్యాద కాదు. జకాత్ వసూలు చేసి వచ్చిన ఇబ్నుల్ లుత్బియ్యా నుండి దైవప్రవక్త (స) స్వయంగా లెక్క తీసుకున్నారు. తనకు కానుకగా వచ్చిందంటూ ఆయన వేరుగా ఉంచుకున్నదాన్ని సమ్మతించలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని వక్ఫ్ చేస్తూ, దాని నిర్వాహకుడు ఉచితరీతిలో తినవచ్చునే గాని సంపద కూడబెట్టరాదని షరతు విధించారు. తమ తదనంతరం ఆ బాధ్యతను కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించారు. కనుక ఈ విషయంలో మన ఇళ్ళలోని స్త్రీలకూ మాట్లాడే హక్కుంది.

దేశ చట్టమూ ఇదే చెబుతోంది. 1995 వక్ఫ్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ముతవల్లీ క్రమంగా లెక్కలు రాయాలి. మార్చి 31తో ముగిసే ఏడాది జమాఖర్చులను అక్టోబర్ 1కి ముందే వక్ఫ్ బోర్డుకు సమర్పించాలి. 2025 సవరణపై మన అభ్యంతరాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అయితే లెక్క చెప్పే బాధ్యత ఆ సవరణతో పుట్టింది కాదు.

బోర్డుకు పంపిన కాగితం చందా ఇచ్చినవారి కంటపడదు. అందుచేత ప్రతి నెలా ఒక జుమా నాడు మస్జిద్ గోడపై ఒక పట్టిక అంటించాలని మేము కోరుతున్నాము. వచ్చినదెంత, ఖబర్ తవ్వేవారి కూలీకి, ప్రహరీకి, దీపాలకు, నీటికి అయినదెంత, మిగిలినదెంత అన్నవి అందులో ఉండాలి. ఖబరస్తాన్ కోసం ఇచ్చిన సొమ్మును దర్గా ఉర్సుకు మళ్ళించరాదు. కఫన్ సాయం పొందిన కుటుంబాల పేర్లు మాత్రం రాయరాదు. మొత్తం చూపితే చాలు.

ఖబరులలో ఉన్నవారు లెక్క అడగలేరు. వారి తరఫున అడగవలసినదీ, చెప్పవలసినదీ మనమే. అమానత్‌ను కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.