చారల బట్టలు, గొడ్డలి చప్పుడు

1935లో అమెరికా సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు వేసిన ఒక న్యూస్‌రీల్‌లో లెడ్ బెల్లీ అనే నల్లజాతి గాయకుడు కనిపిస్తాడు. జైల్లో చారల ఖైదీ బట్టలతో పాడతాడు. తరవాతి దృశ్యంలో, పాటలు సేకరించే జాన్ లోమాక్స్ దగ్గరికొచ్చి, ఇకపై మీకే ఊడిగం చేస్తానంటాడు. అది తీసే నాటికి లెడ్ బెల్లీ లూసియానాలోని అంగోలా జైలు నుంచి బయటపడి నెలలు గడిచాయి. అంతా కెమెరా కోసం మళ్లీ ఆడించిన నాటకం. ఆయన పాటకు గవర్నరు కరిగి వదిలేశాడన్న కథ అప్పట్లో బాగా పాకింది కానీ, శిక్షలో మామూలుగా ఇచ్చే తగ్గింపు వల్లే విడుదలయ్యాడని జైలు అధికారులే రాశారు.

బ్లూస్ గురించిన డాక్యుమెంటరీల మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు ఈ చారల బట్టలే గుర్తొస్తాయి. పాటను బతికించినవాళ్లే పాటగాణ్ణి ఒక వేషంలో బిగించారు.

బ్లూస్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. బానిసత్వం పోయినా అప్పుల కౌలు పోని మిసిసిపీ, టెక్సస్ పత్తి చేలల్లో పుట్టిన పాట ఇది. సాధారణంగా మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి, మూడో పాదంలో తనకు తనే జవాబు చెప్పుకుంటాడు గాయకుడు. గొంతు ఆగినచోట గిటారు అందుకుంటుంది. 1920ల నుంచీ గ్రామఫోను రికార్డులు దీన్ని ఊరూరికీ మోశాయి. అయితే రికార్డులో చేతులు కనబడవు. తీగల మీద సీసా మెడ ముక్కనో, చాకునో జార్చి మూలిగించడం, కాలితో నేలను తన్ని తాళం వెయ్యడం చూస్తేనే అర్థమవుతాయి. సినిమా అవసరమైంది అక్కడే.

1966లో జానపద గాయకుడు పీట్ సీగర్, ఆయన భార్య తోషి, కొడుకు డాన్, పరిశోధకుడు బ్రూస్ జాక్సన్ కలిసి టెక్సస్ జైలుకు వెళ్లి తీసిన చిన్న సినిమా ఇందుకు గట్టి రుజువు. ఖైదీలు ఒకే చెట్టు చుట్టూ నిలబడి గొడ్డళ్లతో నరుకుతుంటారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. పాట వినోదానికి కాదు. తాళం తప్పితే పక్కవాడి గొడ్డలి మనకు తగులుతుంది. అందరూ ఒకే లయలో కొడుతుంటే, నువ్వు నెమ్మదిగా చేస్తున్నావని కాపలావాడు ఎవరినీ వేరు చేసి కొట్టలేడు. శ్రమగీతం ఎందుకు పుడుతుందో నాకు పుస్తకాల కన్నా ఈ అరగంటే ఎక్కువ నేర్పింది. ఆ తరవాత కొన్నేళ్లకే ఆ పాటలు జైళ్లలోనూ వినిపించకుండా పోయాయి. పోయాయని ఎవరూ ఏడవనక్కర్లేదు. ఆ చాకిరీ పోవాల్సిందే.

దాదాపు ఆ కాలంలోనే దర్శకుడు లెస్ బ్లాంక్ హ్యూస్టన్ వెళ్లి బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ మీద సినిమా మొదలుపెట్టాడు. బ్లాంక్ తరవాత చెప్పిన ప్రకారం, హాప్కిన్స్ మొదటిరోజు ఓ పది పాటలు పాడి, ఇక చాలు వెళ్లండన్నాడు. బ్లాంక్ పేకాటకు కూర్చుని డబ్బులు పోగొట్టుకున్నాడు. గెలిచిన హుషారులో పెద్దాయన ఉండనిచ్చాడు! ఆ సినిమాలో పాటతో పాటు ఊరి రోడియో, వంట పొగ, చేపలు పట్టడం, కబుర్లు ఉంటాయి. వివరించే గొంతు ఉండదు. లెడ్ బెల్లీని ఆడించిన కెమెరాకూ, పేకలో ఓడి కూర్చున్న కెమెరాకూ ఎంత దూరం!

తెల్లజాతివాళ్ల కొండపాటలకూ ఇలాంటి అదృష్టమే పట్టింది. కెంటకీలో రోస్కో హోల్కమ్ అనే కూలి గాయకుడి మీద జాన్ కోహెన్ 1963లో తెచ్చిన 'ద హై లోన్‌సమ్ సౌండ్' అనే సినిమా పేరు, అలాంటి ఎత్తయిన ఒంటరి గొంతులకే గుర్తుగా నిలిచిపోయింది.

ఇలాంటి సినిమాల ప్రభావం కొందరి బతుకుల్లోనే కొలవొచ్చు. 1990ల మొదట్లో 'డీప్ బ్లూస్' అనే సినిమా కోసం రచయిత రాబర్ట్ పామర్ ఉత్తర మిసిసిపీ తిరిగాడు. అక్కడ పాడిన జూనియర్ కింబ్రోకి అరవై దాటాక తొలి సొంత ఆల్బం వచ్చింది, పామర్ చేతుల మీదుగానే. 2003లో మార్టిన్ స్కోర్సేసీ ఏడుగురు దర్శకులతో చేయించిన ఏడు సినిమాలు ఇంకా పెద్ద జనానికి చేరాయి. వాటిలో అన్నీ నాకు నచ్చలేదు. పేరున్న దర్శకుల తలపుల మధ్య పాట కొన్నిసార్లు ఇరుకున పడింది. స్కోర్సేసీ తానే తీసినదాంట్లో, పశ్చిమాఫ్రికాలోని మాలీలో గిటారు కళాకారుడు అలీ ఫర్కా తూరే వేళ్లలో బ్లూస్ మూలాలు వెతికిన భాగం మాత్రం మళ్లీ చూడొచ్చు.

కెమెరాకు చిక్కనివారి సంగతి మరొకటి. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1938లో పోయాడు. ఇరవై తొమ్మిది పాటలు, వేళ్ల మీద లెక్కపెట్టే ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు. దయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడన్న కథ ఆ ఖాళీలోనే పెరిగింది. మిసిసిపీలో వీధిలో ఎవరో గిటారు వాయిస్తున్న కొద్ది సెకన్ల మూగ ఫిల్ము దొరికితే, ఇతనే జాన్సన్ అని ఒక గోల లేచింది. చివరికి అతని వెనక గోడమీది పోస్టరు పట్టించింది: అది 1941లో వచ్చిన సినిమాది. జాన్సన్ కాదని తేలగానే ఆ వీధి గాయకుడి మీద అందరికీ ఆసక్తి పోయింది.