హార్డ్ డిస్క్ అసలు సైజు ఎంత?

స్కాలర్‌షిప్ డబ్బులు కూడబెట్టి పాత కంప్యూటర్ కొనేవాళ్ళు మనలో చాలామంది. అమ్మేవాడు "500 జీబీ" అంటాడు. తెరిచి చూస్తే సి డ్రైవ్ 100 జీబీయే! అది డిస్కులో ఒక భాగం మాత్రమే. మొత్తం ఎంతో కమాండ్ ప్రాంప్ట్ చెబుతుంది.

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సిఎండి అని టైపు చేసి, దానిపై రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. నల్లటి తెరలో ఇంగ్లీషులో డిస్క్‌పార్ట్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత లిస్ట్ డిస్క్, ఇది రెండు మాటలు. 'సైజ్' కింద ఉన్నది మొత్తం డిస్కు సైజు. 'ఫ్రీ' కింద సున్నా ఉంటే డిస్కు నిండిందని కంగారుపడకండి, ఏ డ్రైవ్‌కూ కేటాయించని చోటు మిగల్లేదని అర్థం. చూశాక ఎగ్జిట్ కొట్టండి. ఇక్కడ సరదాకైనా క్లీన్ అని కొట్టవద్దు. అది శుభ్రం చేయడం కాదు, ఎంచుకున్న డిస్కులోని డ్రైవ్‌లన్నీ చెరిపేస్తుంది!

465 అని వస్తే మోసం కాదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 1,07,37,41,824. 50,000 కోట్లను దీంతో భాగించి చూడండి, 465 చిల్లర వస్తుంది. 298 అని వస్తే మాత్రం అది 320 జీబీ డిస్కే, 500 జీబీ ధర ఇవ్వకండి.