కారు నోరు విప్పితే...

'సార్, ఈ బండికి బయట ఏమైనా చేయించారా?'

సర్వీస్ అడ్వైజర్ చాలా మామూలుగానే అడిగాడు. మా మేనల్లుడు మాత్రం గోడ మీదున్న ఇంజిన్ ఆయిల్ పోస్టరు వంక చూడ్డం మొదలుపెట్టాడు. వాడు చూసిన తీరులోనే అవతలి మనిషికి సగం జవాబు దొరికిపోయింది.

వాడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మూడేళ్ల కిందట టర్బో పెట్రోలు ఇంజినూ ఆటోమేటిక్ గేర్లూ ఉన్న చిన్న కారు కొన్నాడు. కంపెనీ పేరెందుకులెండి. బ్యాంకు లోను కొంత, మా బావగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఇచ్చిన నాలుగు లక్షలు కొంత. బావగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశారు. కారు ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాక బానెట్ తెరిపించి చూశారు. లోపలంతా ప్లాస్టిక్ మూతలే. 'చెయ్యి పెట్టడానికి చోటు లేదేంట్రా' అని పెదవి విరిచారు. ఆ కారుకు ఐదేళ్ల దాకా వారంటీ ఉందని తెలిశాక కాస్త స్థిమితపడ్డారు.

ఏడాది తిరక్కుండానే మావాడికి ఆ వేగం ఆనలేదు. స్నేహితుడి సలహాతో రీమ్యాప్ చేయించాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గంటలో గుర్రాలు పెరుగుతాయి

రీమ్యాప్ అంటే ఇంజిన్ విప్పే పని కాదు. ఇప్పటి కార్లలో ఎంత పెట్రోలు పడాలి, స్పార్కు ఎప్పుడు రావాలి, టర్బో ఎంత ఒత్తిడితో గాలిని లోపలికి నెట్టాలి... ఇవన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. స్టీరింగ్ కింద ఓబీడీ అనే సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి ల్యాప్‌టాప్ తగిలించి కంపెనీ రాసిన లెక్కల స్థానంలో వేరే లెక్కలు ఎక్కిస్తారు. అదే ట్యూనింగ్. టర్బో ఇంజిన్లలో ఈ ఒక్క పనితోనే పాతిక శాతం దాకా బలం పెరగొచ్చు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారిస్తే 'స్టేజ్ 1'. గాలి లోపలికి వెళ్లే దారీ, పొగ బయటకొచ్చే గొట్టాలూ మారిస్తే 'స్టేజ్ 2'. టర్బోనే పెద్దది పెడితే 'స్టేజ్ 3'. జేబు బరువును బట్టి మెట్లెక్కడమే.

మరి కంపెనీవాళ్లకు చేతకాకనా ఆ బలాన్ని వదిలేసింది? కాదు. ఆ ఇంజినే రాజస్థాన్ ఎండలోనూ లద్దాఖ్ చలిలోనూ పనిచేయాలి. ఊరూరా దొరికే పెట్రోలుతో నడవాలి. కాలుష్యం పరీక్ష నెగ్గాలి. ఓనరు సర్వీసుకు రెండు నెలలు ఆలస్యంగా వచ్చినా తట్టుకోవాలి. అందుకని కొంత బలాన్ని అట్టేపెడతారు. ట్యూనర్ అమ్మేది ఆ అట్టేపెట్టినదాన్నే.

ఇంజిన్ తట్టుకున్నా వెనకున్న గేర్‌బాక్సు సంగతేమిటన్నది ఇంకో ప్రశ్న. ప్రతి గేర్‌బాక్సుకూ ఇంత టార్క్ మోయగలదని ఒక హద్దు ఉంటుంది. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు చిన్న కార్లలో వాడే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీకి ఆ హద్దు 250 న్యూటన్ మీటర్లు. మనదేశంలో 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చేది 175 మాత్రమే. రెంటికీ మధ్య ఉన్న ఖాళీ చూస్తే కుర్రాళ్లకు చేతులు దురద పెడతాయి. దారిన పోయే హైదరాబాద్ ట్రాఫిక్‌లో, 42 డిగ్రీల ఎండలో, అడుగడుక్కీ ఆగుతూ కదులుతూ ఉండే క్లచ్ ఎంత వేడెక్కుతుందో ఆ కాగితం మీది అంకె చెప్పదు.

మూసాపేట సిగ్నల్ దగ్గర

మావాడి కారు ఓ శుక్రవారం సాయంత్రం మూసాపేట సిగ్నల్ దగ్గర మొరాయించింది. డ్యాష్‌బోర్డు మీద స్పానర్ బొమ్మ వెలిగింది. ఇలాంటి ఆటోమేటిక్‌లలో క్లచ్‌లు రెండుంటాయి. 1, 3, 5, 7 గేర్లకు ఒకటి. 2, 4, 6, రివర్స్‌లకు మరొకటి. మొదటిది చేతులెత్తేసింది. రెండో గేరులో మూలుగుతూ, వెనక హారన్లు మోగుతుంటే, ఇంటికి కాదు... నేరుగా ట్యూనర్ దగ్గరికే వెళ్లాడు.

'ఏం కాదు బ్రో, పాత ఫైల్ ఎక్కించేస్తా. రేపు షోరూమ్‌కి తీసుకెళ్లు. వారంటీలో చేసేస్తారు. ఎవడికీ తెలీదు' అన్నాడట ఆయన. ఇరవై నిమిషాల్లో ఎక్కించేశాడు కూడా.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్. 'మామయ్యా, నువ్వు కూడా రావా? పత్రికలో పనిచేస్తావని చెబితే గట్టిగా మాట్లాడరు.' పత్రికవాడిని చూసి సర్వీస్ సెంటర్లో ఎవరూ లేచి నిలబడరన్న సంగతి వాడికి ఆరోజే తెలిసింది. రీమ్యాప్ సంగతి నాకు దారిలో, కూకట్‌పల్లి దాటాక చెప్పాడు. 'నాన్నకు మాత్రం చెప్పొద్దు' అన్నది ఆ తర్వాతి మాట.

అందుకే అడ్వైజర్ అడిగినప్పుడు వాడు పోస్టరు చూశాడు. నేను వాడి మోచేతి మీద తట్టాను. 'చెప్పరా.'

చెప్పాడు. పాత ఫైల్ ఎక్కించిన సంగతితో సహా.

అడ్వైజర్‌కి కోపం రాలేదు. 'మంచి పని చేశారు సార్. చెప్పకపోయినా సాయంత్రానికల్లా మాకు తెలిసేది' అని కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

ఎలా తెలుస్తుందంటే... చాలా ఈసీయూల్లో సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది. కొత్తది ఎక్కిస్తే ఒకటి పెరుగుతుంది. పాతది తిరిగి ఎక్కించినా ఇంకొకటి పెరుగుతుంది! దాచడానికి చేసిన పనే మరో సాక్ష్యం అవుతుందన్నమాట. పైగా లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత భారం మోస్తోంది లాంటి వివరాలు ఫొటో తీసినట్టు నమోదవుతాయి. అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడి ఓనర్లకు 'టీడీ1' అనే మాట వింటేనే దడ. డీలరు కంప్యూటర్ తగిలించినప్పుడు సాఫ్ట్‌వేర్ తేడా కనబడితే కారు నంబరు మీద పడే ముద్ర అది. ఒకసారి పడిందంటే ఇంజిన్, గేర్‌బాక్సుల వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. కారు అమ్మేసినా ముద్ర దాంతోనే వెళ్తుంది.

బల్లకు అవతల

మాటల్లో పడ్డాక అడ్వైజర్ తన గోడు చెప్పుకొచ్చాడు. కిందికి దించిన కార్లు వస్తాయి. ర్యాంపు ఎక్కిస్తే ముందు బంపరు గీసుకుపోతుంది, ఆ నింద సర్వీస్ సెంటర్ మీదే పడుతుంది. స్ప్రింగులు మార్చిన కారుకు వీల్ అలైన్‌మెంట్ కంపెనీ చెప్పిన అంకెలకు రాదు. 'ఎందుకు రాదు?' అని ఓనరు గొడవ. అన్నిటికంటే పెద్ద పేచీ అప్‌డేట్‌ది. సర్వీసులో భాగంగా కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే యాభై వేలు పోసి చేయించుకున్న ట్యూన్ తుడిచిపెట్టుకుపోతుంది. ముందు చెప్పనివాళ్లు కూడా అప్పుడు మాత్రం గొంతు చించుకుంటారట!

ఓనర్లకూ గోడు ఉంది. వేగంగా పోయే కారును సర్వీసుకిస్తే 'టెస్ట్ డ్రైవ్' పేరుతో ఎవరు ఎలా తోలతారోనన్న బెంగ. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికాలో జనరల్ మోటార్స్ 2015 మోడల్ కోర్వెట్‌లో ఇందుకోసమే ఒక ఏర్పాటు పెట్టింది. కారు వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు వీడియో, మాటలు రెండూ రికార్డవుతాయి. అయితే అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయడం కొన్ని రాష్ట్రాల్లో నేరమని తెలిసి, ప్రస్తుతానికి వాడకండని 2014లో కంపెనీయే డీలర్లకూ కొన్నవాళ్లకూ చెప్పుకోవాల్సి వచ్చింది.

చట్టం ఎవరి వైపు?

'బయట చెయ్యి పడితే వారంటీ మొత్తం పోయినట్టే' అని చాలామంది అనుకుంటారు. కొందరు డీలర్లూ అలాగే చెబుతారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేసినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయడానికి వీల్లేదు. ఆ పార్టు వల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి.

అచ్చంగా అలాంటి చట్టం మనకు లేదు. కానీ అలాంటి మాట ఒకటి ఉంది. విడి భాగాలను బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నాయంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చనీ ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయనుకోండి.

అయితే రిపేరు వేరు, మార్పు వేరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఓనరుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కిస్తున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఇక ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కే ఎసరొస్తుంది.

మార్చకపోయినా చిక్కుల్లో పడ్డవాళ్లూ ఉన్నారు. 2008లో అమెరికాలో అమ్మకానికొచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్‌నే తీసుకోండి. నిలబడ్డ చోటి నుంచి బాణంలా దూసుకెళ్లాలంటే కారు జారకుండా కాపాడే వ్యవస్థను ఆపేయాలి. ఆపడానికి బటన్ కంపెనీయే ఇచ్చింది. అలా దూకించి గేర్‌బాక్సు విరగ్గొట్టుకున్నవాళ్లకు మాత్రం 'బటన్ నొక్కారు కాబట్టి వారంటీ లేద'ంది. గోల ముదిరాక దూకుడు తగ్గించిన కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మరి ఆ బటన్ ఎందుకిచ్చినట్టు?

మాకు రేసు కార్లెక్కడివి అనుకోకండి. కొత్త కారుకు బయట మ్యూజిక్ సిస్టమో, పెద్ద హారనో పెట్టించేటప్పుడు కుర్రాడు వైరు కత్తిరించి టేపు చుట్టాడనుకోండి. రేపు వైరింగ్‌లో ఏ లోపం వచ్చినా డీలరు ముందు ఆ టేపే చూపిస్తాడు. వైరు కోయకుండా కప్లర్‌తో తగిలించే సరుకులు దొరుకుతాయి. నాలుగొందలు ఎక్కువైనా అవే అడగండి. బిల్లు దాచుకోండి. డీలరు వారంటీ కాదంటే ఏ పార్టుకు, ఏ కారణంతో కాదంటున్నాడో కాగితం మీద రాయించుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా, 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలన్నా చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

నీలం తిరిగిన ప్లేటు

మావాడి విషయంలో ఆ కాగితం ఐదో రోజున వచ్చింది. క్లచ్ సెట్టు వారంటీలో ఇవ్వరు. లేబరుతో కలిపి లక్షా ఎనభై వేల చిల్లర. అయితే చల్లదనం తగ్గిన ఏసీకి కంప్రెసర్ మాత్రం వారంటీలోనే మార్చారు. ట్యూనింగుకూ దానికీ సంబంధం లేదని అడ్వైజరే పై వాళ్లకు రాశాడట. మేం నిజం చెప్పినందుకు చేశాడో, ఎలాగూ చేసేవాడో నాకు తెలీదు.

అంత డబ్బు మావాడి దగ్గర లేదు. బావగారికి చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'పాత క్లచ్ పారేశారా?' అని అడిగారు.

పారేయలేదు. మర్నాడు ముగ్గురం వెళ్లాం. ఆయన ఆ ప్లేటును రెండు చేతులతో అందుకుని వెలుతురుకు పెట్టి చూశారు. అంచు మీద బొటనవేలితో రాశారు. 'నీలం తిరిగింది చూడు. ఇది అరగలేదు, కాలింది' అన్నారు. మెకానిక్ కుర్రాడు చేస్తున్న పని ఆపి దగ్గరికొచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పారు. డిపోలో బస్సులకు డీజిల్ పంపు సరిచేశాక సీలు వేసేవారట. కొందరు డ్రైవర్లు వచ్చి 'అన్నా, కాస్త వదులు చెయ్యవా, ఘాట్‌లో లాగట్లేదు' అని బతిమాలేవారట.

'నువ్వు చేసేవాడివా నాన్నా?' అన్నాడు మావాడు.

బావగారు రోడ్డు వంక చూస్తూ, 'ఒకసారి' అన్నారు. 'మెమో ఇచ్చారు.'

కారు పదిహేడో రోజున ఇంటికొచ్చింది. డబ్బు బావగారే కట్టారు. నెలకు పది వేల చొప్పున వాడి దగ్గర రాబడుతున్నారు. లెక్క మా అక్కయ్య క్యాలెండర్ వెనక రాస్తోంది. ఇప్పుడు అందులో కంపెనీ ఫైలే ఉంది. మొన్న పండక్కి వాళ్లింటికి వెళ్తే బావగారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు... 'ఏం లేదుగానీ, ఆ ల్యాప్‌టాప్ కుర్రాడి షెడ్డు ఎక్కడో కనుక్కో. పంపు ముట్టుకోకుండా ఎలా పెంచుతున్నాడో ఒకసారి చూడాలి.'