ఆరు పోర్షన్ల ఇల్లు: కిరాయి నుంచి వెనక్కి లెక్క

రామకృష్ణాపూర్‌లో సింగరేణి కార్మికుడు రిటైరవగానే చుట్టాలిచ్చే సలహా ఒకటే: జాగ ఉంది కదా, మూడంతస్తులు లేపి పోర్షన్లు కిరాయికియ్యి. మంచి ఆలోచనే. కానీ ముగ్గు పోసే ముందు లెక్క చూడాలి. కింది రేట్లు ఉదాహరణకే. మీ వాడలో నడిచేవి వేసుకోండి.

ఖర్చు

200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సింది వదిలితే అంతస్తుకు 1,150 అడుగులు, రెండు చిన్న పోర్షన్లు. మూడంతస్తులకు 3,450 అడుగులు. అడుగుకు రూ.1,800 చొప్పున రూ.62.10 లక్షలు. జాగ విలువ ఇందులో లేదు.

రాబడి

పోర్షన్‌కు రూ.4,000 అయితే ఆరింటికి నెలకు రూ.24,000, ఏడాదికి రూ.2.88 లక్షలు. ఏటా ఒక నెల ఖాళీకి, మరో నెల కిరాయి ఇంటి పన్ను, మోటారు, రిపేర్లకు పోతే మిగిలేది రూ.2.40 లక్షలు. పెట్టుబడిపై 4 శాతం కూడా రాదు. అదే సొమ్ము 6.5 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే రూ.4 లక్షలు వస్తుంది.

అప్పు

9 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువైతే లక్షకు నెల కిస్తీ సుమారు రూ.1,014. నెలకు మిగిలే రూ.20,000లో రూ.15,000 కిస్తీకి పెట్టగలిగితే, ఈ ఇల్లు మోయగల అప్పు రూ.15 లక్షలలోపే. మిగతా రూ.47 లక్షలు చేతి సొమ్మే. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి రూ.20 లక్షలని గుర్తుంచుకోండి.

కిరాయిదారులు

తెలంగాణ ఏర్పడిన నాటికి సింగరేణిలో సుమారు 62 వేల మంది కార్మికులు. ఇప్పుడు 40 వేల చేరువలో ఉన్నారు. ఏరియా ఆసుపత్రి సిబ్బంది, కాంట్రాక్టు కార్మికులు కిరాయికి వస్తారు కానీ ఆరు పోర్షన్లూ ఎప్పుడూ నిండి ఉంటాయని నమ్మి అప్పు చేయొద్దు.

కాగితాలు

సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లోని ఇళ్లకు జీవో 76 కింద పట్టాలిచ్చారు. మీ జాగ ఏ కోవలోదో, కింద పాత భూగర్భ గని ఉందో లేదో ముందే తేల్చుకోండి. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్లలోపు ఎత్తున్న ఇళ్లకు ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. తప్పుడు వివరాలిస్తే కూల్చివేత తప్పదు.

మరి దారి?

పునాది, పిల్లర్లు మూడంతస్తులకు సరిపడా వేయించి, ముందు కింది అంతస్తే కట్టండి. గట్టి పునాదికి రూ.3 లక్షలు అదనమనుకున్నా రూ.23.70 లక్షల్లో తేలుతుంది. ఒక పోర్షన్‌లో మీరుండి, రెండోది కిరాయికివ్వండి. పైకి వదిలిన చువ్వలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించండి. రెండేళ్లు పోర్షన్ ఖాళీ లేకుండా నడిస్తేనే పై స్లాబు సంగతి.

మేస్త్రీని పిలిచే ముందు వాడలో పది ఇళ్ల కిరాయిలు అడిగి రండి. జాగ ఎంతుందని కాదు, కిరాయి ఎంతొస్తుందని చూసే ఇల్లు సైజు తేల్చుకోవాలి. బాయిలో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము ముసలితనంలో మీకు అన్నం పెట్టాలి, మీరే దానికి కిస్తీలు కట్టే గతి రాకూడదు.