సిస్టం అమ్మే ముందు: ఓఎస్ వేయడం వేరు, డేటా చెరపడం వేరు

ఈ ఎపిసోడ్‌లో పాత కంప్యూటరో, ల్యాప్‌టాపో అమ్మే ముందు ఓఎస్ మళ్లీ ఎట్లా వేసుకోవాలో చూద్దాం. "దాంట్లో చెప్పేదేముంది అన్నా, షాపులో ఇస్తే గంటలో ఫార్మాట్ కొట్టి ఇస్తారు గదా" అంటారేమో. అసలు తిరకాసు అక్కడే ఉంది.

మన ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగు, పులివెందులలో గానీ కొత్త సిస్టం కొన్నప్పుడు షాపాయన చాలాసార్లు ఏం చేస్తాడు? హార్డ్‌డిస్క్‌ను సీ, డీ, ఈ అని ముక్కలు చేసిస్తాడు. విండోస్ సీలో ఉంటుంది. "ఫోటోలు, ఫైళ్లు డీలో పెట్టుకోండి సార్, రేపు వైరస్ వచ్చి ఫార్మాట్ కొట్టినా మీ డేటా యాడికీ పోదు" అని చెప్తాడు. మంచి సలహానే. కానీ ఏళ్ల తరబడి ఇదే అలవాటై, మనకు ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే అయిపోయింది. సిస్టం మన దగ్గరున్నన్నాళ్లు ఈ అలవాటు మనల్ని కాపాడుతుంది. అమ్మే రోజు మాత్రం ఇదే కొంప ముంచుతుంది.

రెండేళ్ల కిందట మా స్టూడియో కోసం ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నా. అంతకుముందు ఒక నెట్ సెంటర్‌లో వాడిన సిస్టం అది. విండోస్ ఫ్రెష్‌గా వేసినారు, డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ తప్ప ఏమీ లేదు. డీ డ్రైవ్ తెరిచి చూస్తే మనుషుల పేర్లతో వరసగా ఫోల్డర్లు! ఆధార్ స్కాన్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, రేషన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఫార్మాట్ కొట్టించినాడు. సీ మాత్రమే. ఆ రాత్రే డిస్క్ మొత్తం తుడిచేసినా గానీ, నాకు కాకుండా ఇంకొకరికి అమ్మి ఉంటే?

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోవద్దు. ఆ పాస్‌వర్డ్ ఏందో అందరికీ తెలుసు: పేరులో మొదటి 4 ఇంగ్లీష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే టెన్త్ మార్కుల లిస్ట్ స్కాన్ ఉంటే ఇంగ దాపరికం ఏముంది?

సరే, డీ డ్రైవ్ కూడా ఫార్మాట్ చేసినాం అనుకోండి. క్విక్ ఫార్మాట్ చేస్తే ఫైళ్లు పోవు. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపినట్టు, ఏ ఫైల్ యాడుందో చెప్పే పట్టీ మాత్రమే పోతుంది. మన పసిడిపురి వాళ్లకు ఇంకో తీరుగా చెప్తా. బంగారు పని జరిగే చోట ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు, దాంట్లోంచి బంగారం తీసే వాళ్లు వేరే ఉంటారు. హార్డ్‌డిస్క్ కూడా అంతే. ఫోటోరెక్, రెకువా లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఆ దుమ్ము జల్లెడ పట్టేవే. ఎంఐటీలో ఉన్నప్పుడు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ అనే ఇద్దరు 158 పాత హార్డ్‌డిస్క్‌లు కొని పరీక్ష చేసినారు. 2003లో ఆ పరిశోధన అచ్చయింది. వాటిల్లో 5,000కు పైగా క్రెడిట్ కార్డ్ నంబర్లు దొరికినాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా క్విక్ ఫార్మాట్ పద్ధతి ఏమీ మారలేదు.

ఇంగ పనిలోకి దిగుదాం. తుడిచే ముందు బయటికి తీసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోటోలు అందరికీ గుర్తుంటాయి, మిగతావి ఉండవు. షాపు లెక్కలు టాలీలో ఉంటే డేటా బ్యాకప్ ఒక్కటే సరిపోదు. ఆ సిస్టం మీద యాక్టివేట్ అయిన లైసెన్స్‌ను ముందు సరెండర్ చేయాలి. టాలీ ప్రైమ్‌లో హెల్ప్ మెనూ, సెట్టింగ్స్, లైసెన్స్ కింద ఆ ఆప్షన్ ఉంటుంది, ఇంటర్నెట్ కావాలి. సరెండర్ చేయకుండా తుడిచేస్తే కొత్త సిస్టంలో యాక్టివేషన్‌కు తిప్పలు పడాలి. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లకు ఇంకో మాట. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ కాదు. ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని ఫాంట్లు వదిలేస్తే కొత్త సిస్టంలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. రెండూ తీసుకోండి.

ఆ తర్వాత ఫోన్ తీసి వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌కు పోయి ఆ సిస్టంను లాగౌట్ చేయండి. క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు గూగుల్ అకౌంట్‌కు సింక్ అయినాయా చూసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ డివైస్ లిస్ట్ నుంచి కూడా దాన్ని తీసేయండి.

విండోస్ 10, 11 ఉన్న వాళ్లకు సులువు దారి రికవరీలో ఉండే రీసెట్ దిస్ పీసీ. రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకున్నాక చాలామంది నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టేస్తారు. ఆగండి! అక్కడ చేంజ్ సెట్టింగ్స్ అని చిన్నగా ఉంటుంది, దాన్ని నొక్కండి. క్లీన్ డేటా ఆన్ చేయాలి. ఆల్ డ్రైవ్స్ అని కనబడితే అదీ ఆన్ చేయాలి. ఈ రెండూ ముట్టుకోకపోతే మన షాపు ఫార్మాటే మళ్లీ జరిగినట్టు.

పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టంకు నాకు నచ్చే పద్ధతి ఇంకోటి. మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేసుకుని, దాంతో ఆన్ చేయండి. డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. సెటప్ మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్‌తో డిస్క్‌లు చూసి, సైజును బట్టి సరైనదాన్ని సెలెక్ట్ చేసి, క్లీన్ ఆల్ కొట్టండి. ప్రతి సెక్టార్ మీదా సున్నాలు రాస్తుంది. బ్యాకప్ తీసుకున్న హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే దానికంటే ముందే పీకేయండి. ఇక్కడ డిస్క్ నంబర్ తప్పు కొడితే ఏడ్చినా రాదు. 500 జీబీకి గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. ఎంత అయిందో స్క్రీన్ మీద ఏమీ చూపించదు, హ్యాంగ్ అయిందని ఆపేయొద్దు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందే.

ఎస్‌ఎస్‌డీ అయితే ఈ సున్నాల పద్ధతి పూర్తిగా పనిచేయదు. డేటాను ఏ సెల్‌లో పెట్టాలో దాని లోపలి కంట్రోలరే నిర్ణయిస్తుంది కాబట్టి మన సున్నాలు చేరని మూలలు కొన్ని మిగులుతాయి. డెల్, హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో కొన్నింటికి బయోస్‌లోనే డేటా వైప్, సెక్యూర్ ఎరేజ్ అని ఉంటాయి, అవి వాడండి. లేకుంటే ముందు బిట్‌లాకర్‌తో డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, తర్వాత తుడవండి.

ఇంగ ఏ ఓఎస్ వేయాలి? విండోస్ 8 నుంచి బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, కీ అడిగినా స్కిప్ చేయండి, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగిలించగానే యాక్టివేట్ అవుతుంది. అయితే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచి పైన ఉండాలి. అంతకంటే పాతదైతే కొనేవాళ్లకు ఆ మాట చెప్పే అమ్మండి. అసెంబుల్డ్ సిస్టంకు లైసెన్స్ లేకుంటే క్రాక్ వేసి ఒరిజినల్ అని అంటగట్టొద్దప్పా. లైనక్స్ మింట్ వేయండి, ఫ్రీ. పులివెందుల జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివే పిల్లోడు కోడింగ్ నేర్చుకోవడానికి కొంటే వాడికి అదే మేలు.

విండోస్ వేసినాక దేశం, భాష అడిగే స్క్రీన్ వస్తుంది. మీ పేరుతో అకౌంట్ చేయకుండా అక్కడే పవర్ బటన్ పట్టుకుని ఆఫ్ చేయండి. కొన్నాయన ఆన్ చేయగానే కొత్త సిస్టం మాదిరి ఆయన పేరే అడుగుతుంది. కెమెరా, కీబోర్డ్, స్పీకర్ చూపించమంటే మింట్ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా ఆన్ చేసి చూపించొచ్చు, డిస్క్ జోలికి పోనక్కర్లేదు.

డిస్క్ చెడిపోయి అసలు తుడవడానికే రాకుంటే, దాన్ని విప్పి మీ దగ్గరే పెట్టుకుని మిగతా సిస్టం అమ్మండి. కొన్నాయన వేరే డిస్క్ వేసుకుంటాడు. డిస్క్ లేదని కాస్త తక్కువకు అడుగుతారు, ఇచ్చేయండి.