అరువదేండ్లు దాటిన పిమ్మట ‘చివరకు మిగిలేది’

చదివిన గ్రంథమునే మరల చదువుట మనకు క్రొత్త యలవాటు కాదు. భారత భాగవతములను మన పెద్దలు ఏటేట చదువుచునే యుండిరి. కథ తెలియక చదివినవారు కారు. వయస్సుతోడ తాము మారుచుండిరి గనుక తెలిసిన కథయే వారికి క్రొత్తగా తోచుచుండెను. నవల సంగతి వేరు. దానిని ఒకమారు చదివి, ముగింపు తెలిసికొని, బీరువాలో పెట్టుట మన వాడుక. ఆ వాడుకకు లొంగని నవలలు తెలుగున కొన్ని కలవు. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ యట్టిది. దానిని నేను పందొమ్మిదవ యేట ఒకమారు, అరువదినాలుగవ యేట ఒకమారు చదివితిని. ఈ రెండు పఠనములకు నడుమ ఏమి మారినదో, ఏల మారినదో శ్రోతలకు మనవి చేయుదును.

గ్రంథకర్త యసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916 లో ఏలూరున జన్మించిరి. అనంతపురమునను, విశాఖపట్టణమునను ఆంగ్లోపన్యాసకులుగా పనిచేసిరి. 1945 లో రేడియో కొలువులో చేరి, 1967 లో మరణించువరకు అందే యుండిరి. కావున వారి గ్రంథమును గూర్చి రేడియోలో మాటలాడుట యింటి పెద్దను గూర్చి యింటిలో ముచ్చటించుకొనుట వంటిది. ఈ నవల 1946, 47 సంవత్సరములలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వెలువడినది.

కథ క్లుప్తముగా నిది. దయానిధి వైద్యవిద్య చదివిన యువకుడు. ఆతని తల్లిపై లోకము ఒక యపవాదు వేసినది. అది నిజమా, అబద్ధమా యని యెవరును విచారింపరు. తల్లి తరలిపోయినను అపవాదు తరలిపోదు, కొడుకును వెన్నాడును. పెండ్లిమాటలలో, బంధువుల చూపులలో, తుదకు ఆతని యాలోచనలలో సైతము అది చోటు చేసికొనును. కోమలి యను యువతిపై ఆతనికి ఆశ. బంధువర్గములోని అమృతముపై చెప్పరాని చనవు. పెండ్లియాడినది ఇందిరను, ఆమెతో కాపురము కుదురుకొనక మునుపే ఆమె వ్యాధితో మరణించును. ఆతడు ఊరు విడిచి రాయలసీమకు వచ్చును, వజ్రాలగని లభించును, ఆ సంపదయు నిలువదు. అన్నియు పోయిన పిదప, మనుష్యునికి చివరకు మిగులునది యేమి యన్న ప్రశ్నతో నవల ముగియును.

దీనిని పలువురు విమర్శకులు అస్తిత్వవాద ఛాయ గల నవలగా చెప్పుదురు. ఆ మాట వినినంతనే బెదరవలసిన పనిలేదు. మా పాములపాడు మండలమున బనకచెర్ల యను చోట కాలువల కూడలి కలదు. శ్రీశైల జలాశయమునుండి పోతిరెడ్డిపాడు దారిని వచ్చు నీరు అక్కడ తెలుగుగంగకును, శ్రీశైలము కుడిగట్టు కాలువకును, నిప్పులవాగు మీదుగా కె.సి. కాలువకును చీలును. అచ్చటి గేటు పని గేటు పుట్టకముందే నిర్ణయమైనది. ఇంజనీరు కాగితముపై గీచిన పిదపనే యినుము గేటైనది. మనుష్యుని సంగతి యట్లు కాదందురు అస్తిత్వవాదులు. అతడు ముందు పుట్టును. తానెట్టివాడో తన పనులచేత తరువాత తేల్చుకొనును. అతని జీవితమునకు ముందుగా గీచియుంచిన పటము లేదు. అందుచే స్వేచ్ఛ అతనికి వరమే గాక బరువు కూడ. ఫ్రాన్సు దేశీయుడైన సార్త్ర్ 1945 లో పారిసు నగరమున చేసిన ప్రసిద్ధ ప్రసంగమున ఈ సిద్ధాంతమునే సామాన్యులకు బోధపడునట్లు చెప్పెను.

అదే కాలమున వెలువడిన మరి రెండు నవలలను దీని ప్రక్కన నుంచి చూడవలెను. ఒకటి కామూ వ్రాసిన ఫ్రెంచి నవల. తెలుగున ‘పరాయి’ యనదగినది. 1942 లో వెలువడెను. కామూ తనను అస్తిత్వవాది యనుటకు సమ్మతింపలేదు. అయినను ఆ చర్చలో ఆ నవల పేరు రాక తప్పదు. అందలి కథానాయకుడు ఒకనిని చంపును. కాని న్యాయస్థానమున అతనికి వ్యతిరేకముగా బలముగా నిలిచిన సాక్ష్యము హత్యను గూర్చినది కాదు. తల్లి యంత్యక్రియలనాడు కంట తడిపెట్టలేదన్నది. రెండవది త్రిపురనేని గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’. అదియు 1940 తరువాతి యేండ్లలోని తెలుగు నవలయే. అందలి సీతారామారావు తండ్రి చెప్పిన వంశప్రతిష్ఠను నిలుపబోయి ఆస్తిని కరిగించుకొనును. కూడబెట్టిన గౌరవము కూడు పెట్టదని తెలిసిన నాటికి లోకముపై ద్వేషము, తనపై రోత మిగులును. అతని యాత్ర శ్మశానమున ముగియును.

ఈ మూటిని కలిపి చూచినచో ఒక పోలిక తోచును. ఒకనికి తల్లి చావు సాక్ష్యమైనది. ఒకనికి తండ్రి ప్రతిష్ఠ ఉరియైనది. దయానిధికి తల్లి మీది నింద నీడయైనది. మువ్వురును తాము చేసిన దానికి గాక, తలిదండ్రుల పేరిట తమపై బడిన దానికి లోకమునకు సమాధానము చెప్పవలసివచ్చిరి. ఫ్రాన్సులోని ఆలోచనను మనవారు దిగుమతి చేసికొనిరనుటకంటె, యుద్ధముచే పాత నమ్మకములు సడలిన ఆ దశాబ్దమున ఒకే ప్రశ్న పలుచోట్ల పుట్టినదనుట న్యాయము. మన తెలుగు నవలలలో ఆ ప్రశ్న మన పద్ధతినే వచ్చినది. మనకు వ్యక్తి యొంటరివాడు కాడు. ఫలానావారి కొడుకు, ఫలానా యింటి కోడలు. కావున మన యస్తిత్వ ప్రశ్న యింటిపేరుతోనే మొదలగును.

ఇక నా మొదటి పఠనము. 1980 లో నంద్యాలలో చదువుకొనుచు శాఖా గ్రంథాలయము నుండి ఆ పుస్తకమును తెచ్చుకొంటిని. నాకప్పుడు దయానిధి యొక యన్నవలె తోచెను. దానికి కారణము కలదు. మా నాయన ఒక స్నేహితుని యప్పునకు జామీను నిలిచెను. స్నేహితుడు తీర్చలేదు. కాలువ క్రింది మూడెకరముల మాగాణి అమ్ముడుపోయినది. ఊరిలో సగము మంది మా నాయనను ధర్మాత్ముడనిరి. సగము మంది తెలివిమాలినవాడనిరి. మా సీమలో క్రొత్తవాడు కనబడినచో ‘ఎవురి పిల్లోడివప్పా?’ యని యడుగుట కద్దు. నేను పేరు చెప్పినంతనే అడిగినవాని ముఖమున జాలియో, నవ్వో కదలుచుండెను. ఆ రెండును నాకు సమానముగా బరువయ్యెను. కావున ఆ యేట చదివినపుడు ఈ నవల లోకము చేసిన యన్యాయమునకు సంబంధించిన కథగా నుండెను. దయానిధిని నిందించిన ప్రతి నోటిని నేను గుర్తు పట్టగలిగితిని. ‘చివరకు మిగిలేది’ యన్న ప్రశ్న మాత్రము దూరపు కొండవలె నుండెను. పందొమ్మిదేండ్ల వానికి చివర యనునది యెక్కడనో యుండును.

ఆ పఠనము తప్పని నేననను. వయస్సుకు తగిన భాగము వయస్సు చదువుకొనును. యౌవనమున మనము న్యాయమును వెదకుదుము. పుస్తకము మన పక్షమున సాక్ష్యము చెప్పినచో ధైర్యము వచ్చును. ఆ ధైర్యము నాకు నిజముగా నుపకరించినది.

మా నాయన పోయి పదునాలుగేండ్లు దాటినది. ఇప్పుడు అదే నవలను పాములపాటిలోని మా యింటి యరుగుపై కూర్చుండి రెండవమారు చదివితిని. కథ మారలేదు, అక్షరము మారలేదు. కాని నిందించు నోళ్లు ఈసారి నన్ను నిలువరింపలేదు. వాని నుండి దయానిధి వైపునకు నా దృష్టి మరలెను. అపవాదు వినిపింపని చోట సైతము ఆతడు దానికి జవాబు వెదకుకొనుచునే యుండుట చూచితిని. అడుగువాడు లేకున్నను సంజాయిషీ ఆగదు. ఈ సంగతి పందొమ్మిదేండ్ల పాఠకునికి కనబడుట కష్టము. ఏలయన అప్పటికి అడుగువారందరును బ్రతికియుందురు.

నా విషయమున వారెవరును నేడు లేరు. మా నాయనను ధర్మాత్ముడనినవారును పోయిరి, తెలివిమాలినవాడనినవారును పోయిరి. జామీను కథ తెలిసిన యిండ్లు ఊరిలో రెండో మూడో యుండును. నేటి పిల్లలకు ఆ మూడెకరములు ఎవరివో కూడ తెలియదు. ఒక తరము నిద్ర చెరచిన మాట మరుతరమునకు వార్త కూడ కాలేదు. లోకాపవాదమునకు ఆయువు తక్కువ. దానికి భయపడిన మనసునకు ఆయువు ఎక్కువ. రెండవ పఠనమున నాకు దొరికిన సారమిదియే.

అట్లయినచో చివరకు మిగులునది యేమి? సంపద కాదని నవలయే చూపును. ప్రేమ కూడ పూర్తిగా చేతికందదు. కీర్తి యపకీర్తులు చెప్పుకొనువారితో పోవును. మనుష్యుడు తనతో తాను సమాధానపడుట యొక్కటియే తుదకు మిగులు పని యని నేను ఈ నవలనుండి గ్రహించితిని. సమాధానమనగా నేను మంచివాడనని తీర్పు వ్రాసికొనుట కాదు. తీర్పు చెప్పు న్యాయస్థానము లేదని యెరిగి, చేసిన పనిని చేసితినని యొప్పుకొని, కాని దానిని మోయక దించివేయుట. సీతారామారావు దించలేకపోయెను. దయానిధి ఎంతో పోగొట్టుకొనిన పిదప దించుట నేర్చెను. రెండు నవలలకును గల భేదము నాకిక్కడ కనబడును.

సీమవానిగా మరియొక సంగతి చెప్పవలెను. దయానిధి రాయలసీమకు వచ్చిన భాగము మొదటిమారు చదివినపుడు మా నేలను, మా రాళ్లను రచయిత యెట్లు వర్ణించెనో యన్న దానిపైననే నా కన్ను నిలిచెను. అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతమున, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి ప్రాంతమున తొలకరి పడినంతనే జనులు చేలలో రాళ్లు వెదకుట నేటికిని కలదు. ఒక్క రాయి దొరికినచో బ్రతుకు మారునని వారి యాశ. రెండవమారు చదివినపుడు ఆ భాగమునందు వేరొకటి తోచినది. దయానిధి వెదకినది వజ్రము మాత్రమే కాదు. తనను ఎరుగని నేల. ఆ నేల దొరికినది. కాని అచ్చటను పరాయివాడను మరియొక పేరు వచ్చినది. ఊరు మార్చినచో పాత పేరు పోవచ్చును. పేరు పెట్టు లోకము పోదు.

పేరు విషయమున సీమకే యొక చరిత్ర కలదు. 1800 లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అందుచే దత్తమండలములను పేరు వచ్చినది. దత్తమనగా ఇచ్చివేయబడినది. ఒకరి చేతినుండి వేరొకరి చేతికి మారిన వస్తువునకు తగిన పేరది. 1928 లో నంద్యాలలో జరిగిన సభలలో ఆ పేరును విడిచి ‘రాయలసీమ’ యను పేరును స్వీకరించిరి. సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారని ప్రసిద్ధి. చరిత్రలో జరిగిన యప్పగింత చెరగిపోలేదు. కాని ఆ యప్పగింతయే తమ పేరుగా నుండనక్కరలేదని యిచ్చటివారు నిశ్చయించుకొనిరి. మనకు సంక్రమించిన దానిని మార్చలేము. దానిని ఏ పేరున మోయవలెనో, మోయవలెనో వద్దో, అది మన చేతిలో నున్నది. అస్తిత్వవాదమునకు ఇంతకంటె దగ్గర యుదాహరణము నంద్యాల సీమవారికి వేరొకటి యక్కరలేదు.

ఈ నవలను పిల్లలకు ఇయ్యవచ్చునా యని కొందరు మిత్రులు నన్నడిగిరి. నిరాశ కలిగించునని వారి శంక. ఇయ్యవచ్చుననియే నా మనవి. చిన్ననాడు ఏదో యొక పేరు క్రింద నలిగిన బిడ్డకు, తనవంటివాడు మరియొకడు కలడని తెలియుట ఔషధము వంటిది. పెద్దలకు మాత్రము వేరొక సూచన. వేగిరపడక, రోజునకొక ప్రకరణము చొప్పున చదువుడు. చదువుచు ఎవరి మాట మీకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నదో గమనింపుడు. ఆ మాట యనినవారు నేడు బ్రతికియున్నారో లేరో తలచుకొనుడు. లేకున్నచో, ఆ మాటకు ఇంకను జవాబు చెప్పుచున్నది మీరొక్కరే. ఆ జవాబును ముగించుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.

గ్రంథాలయములలో ఈ పుస్తకము సులభముగా దొరకును. తొలిమారు చదువువారికి కథ యుండును. మలిమారు చదువువారికి ప్రశ్న యుండును. ఆ ప్రశ్నకు పుస్తకము వ్రాసిన జవాబుకంటె చదివినవారి బ్రతుకు వ్రాయు జవాబు ముఖ్యమైనది.