గాలికి ఊగే ఇల్లు

లాస్ ఏంజెలెస్ నుంచి ఫీనిక్స్ వైపు ఐ-10 మీద వెళ్ళినవాళ్ళకి పామ్ స్ప్రింగ్స్ ముందర సాన్ గోర్గోనియో కనుమ గుర్తుండే ఉంటుంది. ఎటు చూసినా గాలిమరలే. అన్ని మరలు అక్కడే ఎందుకు పాతారో కారు నడిపిన పదేళ్ళలో నాకు తట్టలేదు. పాత మోటర్‌హోమ్ ఒకటి కొని, అమ్మానాన్నలనీ పిల్లలనీ ఎక్కించుకుని బయలుదేరిన రోజు తెలిసొచ్చింది. పెద్ద ట్రక్కు దాటినప్పుడల్లా బండిని ముందు అవతలికి తోసి, వెంటనే తనవైపు లాక్కునేది. వెనక అరల్లో గిన్నెలు మోగిపోయేవి. "ఒరే, కాస్త నెమ్మదిగా పోనీరా!" అని నాన్న నాలుగోసారి అనేటప్పటికి నా వేగం యాభై మైళ్ళే.

తిరిగొచ్చాక ఒక షాపులో చూపిస్తే షాకులు, స్వే బార్లు, ఎయిర్ బ్యాగులు, స్టీరింగ్ స్టెబిలైజర్ అంటూ పెద్ద అంచనా రాసిచ్చారు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ హైదరాబాదు వెళ్ళి రావచ్చు. ప్రొఫైలర్ నడపకుండా కోడ్ ఆప్టిమైజ్ చేసే కుర్రాళ్ళని రోజూ కసిరే నేను అదే తప్పు చేయబోతున్నానని అప్పుడు వెలిగింది. ముందు కొలవాలి కదా!

ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా చెబుతుంది. మాది ఫోర్డ్ ఇ-450 చాసిస్ మీద కట్టిన బండి. తలుపు దగ్గర స్టిక్కరు మీద మొత్తం పరిమితి 14,500 పౌండ్లు. మొత్తం బరువు దానికి లోపలే ఉంది. వెనక ఇరుసు మాత్రం తన పరిమితి దాటింది, ముందుది బాగా తేలికగా ఉంది! ఇలాంటి బండ్లలో వెనక చక్రాలు దాటాక కూడా చాలా ఒళ్ళు వేలాడుతుంది. అక్కడ పెట్టిన ప్రతి బస్తా ముందు చక్రాలని పైకి లేపుతుంది, స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. నలభై గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు. పైగా మన సోనామసూరి బస్తాలు, వెనక తగిలించిన సైకిళ్ళూ.

సామాను ముందుకి జరిపి, నీళ్ళు తగ్గించి, మళ్ళీ తూచాను. టైరు కంపెనీ పట్టికలో మా బరువుకి ఎంత గాలి కావాలో చూసి సరిచేశాను. తర్వాత ప్రయాణం సామానుతోనే ఎలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళి, కాస్టర్ కోణం పెంచమన్నాను. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండబట్టే కదా చక్రం తిన్నగా పోతుంది, అదే సూత్రం. ఇ-450లో దీనికి బుష్‌లు మార్చాలి. సగం బాధ ఇక్కడే తీరింది.

ఆ తర్వాతే విడిభాగాలు. మలుపుల్లో ఒరిగిపోవడానికి లావుపాటి స్వే బార్ మందు. కడ్డీ మందం పావువంతు పెరిగితే బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అయితే ఒక చక్రం గోతిలో పడితే రెండోదానికీ ఆ కుదుపు తెలుస్తుంది. షాకులు బరువు మొయ్యవు, ఆ పని స్ప్రింగులది (మన లారీవాళ్ళ కమాన్లు). షాకులు ఊపుని ఆపుతాయంతే. ట్రక్కు తోపుకి వెనక ట్రాక్ బార్ మంచిది, బాడీ ఇరుసు మీద అటూ ఇటూ జరగకుండా పట్టుకుంటుంది.

ఎయిర్ బ్యాగులు వేస్తే ఇంకా బరువు ఎక్కించుకోవచ్చని షాపాయన అన్నాడు. అది మాత్రం నమ్మకండి. కుంగిన తోకని అవి పైకి లేపుతాయి, నిజమే. ఇరుసు, టైర్లు, బ్రేకులు మోసే బరువు ఔన్సు కూడా తగ్గదు. స్టిక్కరు మీద అంకె మారదు.

మొన్న అదే కనుమలో అరవైలో వెళ్ళాం. నాన్న ఒక్కసారే అన్నారు.